గొళ్లెం ఊడదీయడం: పిల్లల గృహంలో ఒంటరి గదిని మూయాలంటే చేయాల్సిన పనులు

కేసుల్లో ఇరుక్కున్న పిల్లలను ఉంచే ఒక గృహంలో నేను పదకొండేళ్లు పనిచేశాను. మొదట రాత్రి డ్యూటీ సూపర్‌వైజర్‌గా, చివరి నాలుగేళ్లు ఇన్‌చార్జిగా. కారిడార్ చివర మాకు ఒక గది ఉండేది. రికార్డుల్లో దాని పేరు 'పరిశీలన గది'. పిల్లలు 'సింగిల్' అనేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం. "ఇంకొక్క మాట మాట్లాడావంటే సింగిల్‌లో వేస్తా" అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. వేశాను కూడా. ఆ గదిని పూర్తిగా మూయడానికి మాకు ఏడాదికి పైనే పట్టింది. ఇదే పనికి పూనుకునే సూపరింటెండెంట్లకు, డ్యూటీలో ఉండేవాళ్లకు, గృహాలకు వెళ్లే లాయర్లకు, వాలంటీర్లకు ఉపయోగపడుతుందని మేం చేసినదంతా, చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

ఆ గొళ్లెం ఎందుకు పడుతుందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. భయం వల్ల పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి ముప్పై మంది పిల్లల మధ్య ఒక్కడే నిలబడ్డ ఉద్యోగికి ఉండే భయం అది. ఆ భయానికి వేరే దారి చూపించకుండా "రేపటి నుంచి గది బంద్" అని సర్క్యులర్ ఇస్తే గది పేరు మారుతుంది, అంతే.

ముందు ఆ గదిని కనిపెట్టండి

'ఒంటరి నిర్బంధం' అని ఏ తలుపు మీదా రాసి ఉండదు. ప్రశాంత గది, ఆలోచన గది, సేఫ్టీ రూం, మెడికల్ ఐసోలేషన్, ఇలా ఎన్నో పేర్లు. పేరు పక్కనపెట్టి మూడు సంగతులు చూడండి. గొళ్లెం ఏ వైపుంది? లైటు స్విచ్ ఏ వైపుంది? లోపలున్న పిల్లవాడితో ఎవరైనా కూర్చుని మాట్లాడుతున్నారా, లేక పళ్లెం లోపలికి తోసి "తిను" అని వెళ్లిపోతున్నారా?

రాత్రి పడుకోవడానికి ఎవరి గది వాళ్లకు ఉండటం వేరే సంగతి. అది మంచిదే. పగలంతా తలుపు తీసి ఉండి, నిద్రవేళలో స్టాఫ్ నిశ్శబ్దంగా చూసి వెళ్తుంటే దాన్ని ఒంటరి నిర్బంధం అనరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడితే స్టాఫ్ దగ్గర మన మాట తేలిపోతుంది.

ఇంకో చిక్కు గంటల లెక్క. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో ఒంటరి నిర్బంధానికి నిర్వచనం ఉంది: రోజుకు 22 గంటలు, లేదా అంతకన్నా ఎక్కువసేపు, మనుషులతో సరైన మాటామంతీ లేకుండా ఉంచడం. దీన్ని పట్టుకుని "మేం నాలుగైదు గంటలే ఉంచుతాం, ఇది దాని కిందికి రాదు" అనేవాళ్లుంటారు. నాతో ఒక పై అధికారి సరిగ్గా ఇదే అన్నారు. పిల్లల విషయంలో ఆ లెక్కలోకే దిగకండి. 1990 డిసెంబరులో ఐరాస సర్వప్రతినిధి సభ ఆమోదించిన నియమాలున్నాయి, హవానా నియమాలంటారు. వాటిలో 67వది తీసి ముందు పెట్టండి. క్రమశిక్షణ పేరుతో పిల్లలను కొట్టడం, చీకటి గదిలో పెట్టడం, ఒంటరిగా బంధించడం, తిండి తగ్గించడం, ఇంటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, అన్నీ నిషిద్ధమని అందులో ఉంది. ఇన్ని గంటల దాకా ఫర్వాలేదన్న మాట అందులో లేదు. 2019లో ఐరాస బాలల హక్కుల కమిటీ ఇంకా వివరంగా చెప్పింది: పిల్లవాణ్ణి ఒంటరిగా బంధించకూడదు, మిగతావాళ్ల నుంచి వేరు చేయక తప్పకపోతే వీలైనంత తక్కువసేపు, శిక్షణ ఉన్న మనిషి పక్కనే ఉండగా, లేదా దగ్గర నుంచి గమనిస్తుండగా చేయాలి, కారణం, ఎంతసేపన్నది రాసిపెట్టాలి. ఆ 'మనిషి పక్కనే ఉండగా' అన్న మాటను గుర్తుపెట్టుకోండి. మిగతా పనంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఒక గంట లోపల కూర్చోండి

ఇది ఎవరూ చెప్పిన పద్ధతి కాదు, నాకు నేనుగా చేసింది. ఒక మధ్యాహ్నం తోటి ఉద్యోగికి తాళం ఇచ్చి, "గంట తర్వాత తియ్యి, మధ్యలో నేను పిలిచినా తియ్యొద్దు" అని చెప్పి లోపలికెళ్లాను. ఫోను, వాచీ బయటే పెట్టాను.

మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంది. తర్వాత తలుపు చూశాను. లోపలివైపు, నా మోకాలి ఎత్తులో పెయింటు గుండ్రంగా లేచిపోయి కింద చెక్క కనబడుతోంది. తన్నీ తన్నీ పోయిన చోటు. దానికి కొంచెం పైన గోరుతో గీసిన గీతలు, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. రోజుల లెక్కో, గంటల లెక్కో తెలియదు. హాల్లో పిల్లలు ఆడుకుంటున్న గోల వినబడుతోంది గానీ ఒక్క మాటా అర్థం కావడం లేదు. అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది కారిడార్‌లో అడుగుల చప్పుడు. దగ్గరికొస్తుంది. వస్తున్నారు, తీస్తారు అనుకుంటాం. ఆగకుండా వెళ్లిపోతుంది. అలా మూడుసార్లు జరిగేసరికి నా అరచేతులు చెమట పట్టేశాయి. నేను నలభై దాటిన మనిషిని, తలుపు తీస్తారని తెలిసి లోపలికెళ్లినదాన్ని. గంట అయిపోయిందనుకుని తలుపు కొట్టాను. అప్పటికి ముప్పై ఐదు నిమిషాలే అయిందని తర్వాత తెలిసింది.

తర్వాత స్టాఫ్‌లో ఇష్టమున్న ప్రతి ఒక్కరినీ కూర్చోమన్నాను. బలవంతం పెట్టలేదు, పెట్టకూడదు కూడా. కూర్చుని బయటికొచ్చినవాళ్లకు నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేకపోయింది.

రిజిస్టర్ తీసి మూడు నెలలు వెనక్కి చదవండి

రిజిస్టర్ లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి. లోపల వేసిన సమయం నిమిషాలతో సహా, తీసిన సమయం, ఎవరు వేశారు, ఎవరు తీశారు, ఈలోగా ఎవరు వెళ్లి మాట్లాడారు. కారణం గడిలో 'అనుచిత ప్రవర్తన' లాంటి మాటలు రాయనివ్వకండి. జరిగింది జరిగినట్టు రాయాలి: 'మంచం మీద నుంచి లేవనన్నాడు', 'నన్ను తిట్టాడు', 'ఫలానా వాణ్ణి కొట్టాడు'. అలా రాయడం మొదలైతేనే రాసేవాడికే సగం కారణాలు చిన్నవిగా కనబడతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తామని నాకు తెలిసింది మా రిజిస్టర్ చదివాకే. ఎవరి మీదా చెయ్యి చేసుకోని పిల్లలే ఎక్కువమంది ఉన్నారు. ఎదురు మాట్లాడినందుకు, లేవనందుకు, ఏడుపు ఆపనందుకు.

సమయాలు చూడండి. మా దగ్గర ఎక్కువ ఎంట్రీలు రాత్రి ఏడు, తొమ్మిది మధ్యవి. అది డ్యూటీ మారే వేళ. పగటివాళ్లు బ్యాగులు సర్దుకుంటుంటారు, రాత్రివాళ్లు ఇంకా సంతకాలు పెడుతుంటారు, పిల్లల దగ్గర ఎవరూ ఉండరు. తర్వాత రోజులు చూడండి. కోర్టు వాయిదా ఉన్న రోజులు, ఇంటి నుంచి ఫోను రావాల్సి ఉండి రాని రోజులు. ఇది కనబడ్డాక మేం చేసిన మొదటి పనికి పైసా ఖర్చు కాలేదు: రాత్రి డ్యూటీవాళ్లలో ఇద్దరిని గంట ముందు రప్పించి, అంతే సేపు ముందు పంపించడం. గదిని ఇంకా మూయలేదు, అయినా ఆ నెలలోనే ఎంట్రీలు తగ్గాయి.

స్టాఫ్ అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి

మీటింగ్ పెట్టి హక్కుల గురించి చెప్పాను. అందరూ తలూపారు. చివర్లో ఒక పాత ఉద్యోగి లేచి, "అంతా బాగుంది మేడం, రాత్రి వాడు కుర్చీ ఎత్తి నా మీదికొస్తే నేనేం చెయ్యాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మీటింగ్ అక్కడితో అయిపోయింది. రెండు నెలలు ఎవరూ నా మాట పట్టించుకోలేదు, నేను వాళ్లను తప్పుపట్టను.

జవాబు ఇలా ఉండాలి. పిల్లవాడు రెచ్చిపోయిన మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేస్తారో ముందే ఖాయం చేసుకోవాలి. ఒకరు మాట్లాడతారు, ఒక్కరే. ఇంకొకరు మిగతా పిల్లలను అక్కణ్ణుంచి తీసుకెళ్లిపోతారు, ఎందుకంటే పదిమంది చూస్తుండగా ఏ పదహారేళ్ల కుర్రాడూ వెనక్కి తగ్గలేడు. మాట్లాడే మనిషి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, రెండు చేతుల దూరంలో, చేతులు కనబడేలా నిలబడాలి. తలుపుకు అడ్డంగా అసలు నిలబడకూడదు. గొంతు తగ్గించాలి. "ఎందుకు చేశావ్?" అని అప్పుడు అడగొద్దు, ఆ సమయంలో జవాబు రాదు. "మంచినీళ్లు తాగుతావా? ఇక్కడ కూర్చుంటావా, బయట వరండాలోనా?" ఇలా రెండు దారులు చూపించాలి, రెండూ నిజంగా ఇవ్వగలిగినవై ఉండాలి. "ఐదు లెక్కపెట్టేలోపు" అన్న బెదిరింపు వద్దు. ఐదు అయ్యాక ఏదో ఒకటి చేయక తప్పని స్థితి మనకే వస్తుంది.

వేరు చేయాల్సి వస్తే, తలుపు తీసి ఉన్న గదిలో, పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుని ఉండాలి. మాట్లాడక్కర్లేదు, ఉంటే చాలు. మా దగ్గర ఒక డ్యూటీ ఆయన అలాంటప్పుడు చదరంగం బల్ల తెచ్చుకుని ఒక్కడే రెండువైపులా ఎత్తులు వేసుకునేవాడు. కాసేపటికి పిల్లవాడు "అన్నా, అది తప్పు ఎత్తు" అనేవాడు. ఆ మాటతో పని సగం అయిపోయినట్టే. ఇలా కూర్చోవడానికి మనిషి కావాలి కాబట్టి, ఆ సాయంత్రపు గంటల్లో ఒకరు అదనంగా ఉండాలి. బడ్జెట్ అడిగేటప్పుడు 'భద్రత' అని రాయకుండా, ఫలానా గంటలకు ఒక మనిషి అని సూటిగా రాయండి. దాన్ని కాదనడం కష్టం.

ఈ మాటలన్నీ కాగితం మీద చదివితే సరిపోవు. వారానికోసారి అరగంట, స్టాఫ్‌లోనే ఒకరు పిల్లవాడిలా నటించి, మిగతావాళ్లు చేసి చూడాలి. మొదట్లో సిగ్గుపడతారు. మూడోవారానికి వాళ్లే "మొన్న జరిగింది చేసి చూద్దాం" అంటారు.

'చచ్చిపోతా' అన్న పిల్లవాడి గురించి

ఇక్కడ ఆగి చెప్పాలి. "వాడి మంచికే లోపల వేశాం, ఏమైనా చేసుకుంటాడేమోనని" అంటారు. ఈ మాట చెప్పేవాళ్లు మనస్ఫూర్తిగానే చెబుతారు, నేనూ చెప్పాను. అమెరికా న్యాయశాఖ 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 1995 నుంచి 1999 దాకా బాలల నిర్బంధ కేంద్రాల్లో జరిగిన ఆత్మహత్యల్లో 79 కేసులను పరిశీలించారు. చనిపోయిన పిల్లల్లో దాదాపు సగం మంది ఆ సమయంలో గదిలో బంధించి ఉన్నవాళ్లే. ఆ సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను అలా లోపల వేసిన ముఖాలన్నీ గుర్తొచ్చాయి.

కాబట్టి ఇందులో మినహాయింపులు వద్దు. చచ్చిపోతానన్న పిల్లవాణ్ణి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉంచకూడదు. చూపు ఆనే దూరంలో మనిషి ఉండాలి, డాక్టరుకు ఫోను వెళ్లాలి, అవసరమైతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతా పిల్లలు కొడతారని భయపడే పిల్లవాడికీ ఇదే వర్తిస్తుంది. కొట్టేవాళ్లను వదిలి దెబ్బలు తినేవాణ్ణి లోపల పెట్టడం అన్యాయం, ఆ అన్యాయం పిల్లలకు మనకన్నా ముందు తెలుస్తుంది. అంటువ్యాధి వచ్చి నిజంగానే వేరుగా ఉంచాల్సివస్తే ఇంటికి ఫోను, పుస్తకాలు, రోజూ కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలి.

నియమం రాసుకోవడం, తలుపు మార్చడం

అమెరికాలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, నిర్బంధంలో ఉన్న పిల్లలకు 2018 డిసెంబరులో ఒక చట్టం వచ్చింది, ఫస్ట్ స్టెప్ యాక్ట్. శిక్షగా గదిలో పెట్టడాన్ని అది పూర్తిగా నిషేధించింది. వెంటనే తీవ్రమైన ప్రమాదం ఉంటేనే, ముందు మాటలతో ప్రయత్నించాకే పెట్టాలి. ప్రమాదం పిల్లవాడికే అయితే గరిష్ఠంగా 30 నిమిషాలు, ఇతరులకైతే 3 గంటలు. నా దృష్టిలో 3 గంటలు ఎక్కువ. కానీ రోజుల తరబడి బంధించే చోట మొదటి మెట్టుగా ఇలాంటి హద్దు పనికొస్తుంది. మేం మొదట గంట అని రాసుకున్నాం. ప్రతి పదిహేను నిమిషాలకు నాకు ఫోను చేసి 'ఇంకా ఎందుకు' అని చెప్పాలి. అర్ధరాత్రి పడుకున్నా సరే లేపాలి. ఆ ఫోను చేయడం ఇష్టం లేక చాలాసార్లు తలుపు ముందే తీసేవాళ్లు. నాలుగు నెలలకు గంటను అరగంట చేశాం, తర్వాత తీసేశాం.

గదిని మూసే రోజుకు తేదీ ముందే చెప్పండి, పిల్లలకు కూడా. వడ్రంగిని పిలిచి గొళ్లెం ఊడదీయించండి. గొళ్లెం, స్క్రూలు కవర్లో వేసి సీల్ చేసి, ఆఫీసులో పెట్టి, రిజిస్టర్లో ఎంట్రీ రాయండి. లేకపోతే రాత్రికి రాత్రి మళ్లీ బిగుస్తుంది. స్విచ్ లోపలికి మార్పించండి. తలుపుకు అద్దం పెట్టించండి.

గొళ్లెం తీసిన సరిగ్గా పదహారో రోజున మాకు పరీక్ష ఎదురైంది. ఒక కుర్రాడు హాల్లో కుర్చీ విసిరాడు, మా ఉద్యోగి మణికట్టు విరిగింది. నేను వెళ్లేసరికి స్టాఫ్ అందరూ ఆఫీసు ముందు నిలబడి ఉన్నారు. "గొళ్లెం ఇవ్వండి మేడం" అన్నారు. నా చెయ్యి సొరుగు మీదికి వెళ్లింది కూడా. అప్పుడు కట్టు కట్టించుకోవడానికి వెళ్తున్న ఆ ఉద్యోగే, "ముందు వాడి దగ్గర ఎవరో ఒకరు కూర్చోండి" అన్నాడు. ఆ రాత్రి పదకొండింటి దాకా ఇద్దరం ఆ పిల్లవాడితో ఆఫీసులో కూర్చున్నాం. మర్నాడు తెలిసింది: డ్యూటీ మారడానికి అరగంట ముందు లాయరు ఫోను చేసి బెయిల్ రాలేదని పిల్లవాడికి చెప్పాడు. పగటివాళ్లకు తెలుసు, రాత్రివాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి డ్యూటీ అప్పగించే కాగితంలో ఒక గడి కలిపాం: 'ఇవాళ ఎవరికి చెడ్డవార్త వచ్చింది?' మేం చేసిన మార్పులన్నిటిలో ఎక్కువ ఉపయోగపడింది ఈ ఒక్క గడే.

గాయపడ్డ ఉద్యోగికి సెలవు, వైద్యం, పలకరింపు అందేలా మీరే దగ్గరుండి చూడండి. ఆ ఒక్క పని సరిగ్గా జరగకపోతే మీ నియమాలు ఎవరూ నమ్మరు. పిల్లవాడు కూడా చేసినదానికి జవాబు చెప్పాలి. మా కుర్రాడు విరిగిన కుర్చీని తనే బాగుచేశాడు, మణికట్టు విరిగినాయన తిరిగొచ్చాక ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

బయటి నుంచి వెళ్లేవాళ్లకు

లాయరైనా, వాలంటీరైనా, తల్లిదండ్రులైనా "నిన్ను బంధించారా?" అని సూటిగా అడగకండి. చుట్టూ ఎవరున్నారో చూసుకుని "లేదు" అనేస్తారు. "నిన్న సాయంత్రం ఏం చేశావు? ఎవరితో ఆడావు? మొన్న?" అని రోజు వెంట రోజు అడగండి. ఒక రోజు మీద ఏమీ చెప్పకుండా దాటేస్తే అక్కడ ఆగండి. ఫిర్యాదు రాసేటప్పుడు తేదీ, లోపలికి, బయటికి సమయాలు, తలుపు, లైటు, టాయిలెట్, ఎవరు వచ్చి మాట్లాడారు అన్నవి రాయండి. 'అమానుషం' అన్న మాట కన్నా 'రాత్రి 8.10 నుంచి తెల్లవారి 6.30 దాకా' అన్న మాట బలమైనది. ఫిర్యాదు ఇచ్చాక ఆ పిల్లవాణ్ణి వారంలోపే మళ్లీ కలవండి. ఇది తప్పనిసరి, కోపం వాడి మీద తీర్చుకోవచ్చు కాబట్టి.

తనిఖీకి ఎవరికి అధికారం ఉందో తెలుసుకోండి. భారతదేశంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు నెలకు ఒక్కసారైనా ఈ గృహాలను చూడాలి. తనిఖీ కమిటీలు కనీసం మూడు నెలలకోసారి రావాలి, బృందంలో కనీసం ముగ్గురు, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. వాళ్ల చేతికి ఖాళీ రిజిస్టర్ కాకుండా, నింపిన రిజిస్టర్ వెళ్లేలా చూడండి.

గది మూశాక కూడా ఆ రిజిస్టర్ ఆపకండి. మా దగ్గర మూడు నెలలు పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి, నేను సంతోషంగా ఉన్నాను. ఒకరోజు పరుపులు పెట్టే స్టోర్ రూం వైపు వెళ్తుంటే, దాని బయట కొత్త గొళ్లెం మెరుస్తూ కనబడింది. పరుపులు ఎవరు దొంగిలిస్తారు? ఆ సాయంత్రమే వడ్రంగిని మళ్లీ పిలిచాను. అప్పట్నుంచి నెల మొదటి తేదీన భవనంలోని ప్రతి తలుపూ చేత్తో తడిమి చూసుకుంటూ వెళ్లి, గొళ్లేలు ఎన్ని ఉన్నాయో, ఏ వైపున్నాయో లెక్కపెట్టి, అదే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేదాన్ని.